ఓడ ఒడ్డుకు రాని రేవు: బందరు సింహావలోకనం

మచిలీపట్నం, అదే మన బందరు, ఒకప్పుడు గొప్ప ఓడరేవని బడిలో చదువుకున్నాం. గోల్కొండ కాలం నుంచి ఇంగ్లీషు వాళ్ల కాలం దాకా ఆ రేవులో పెద్ద ఓడ ఏదీ ఒడ్డుకు వచ్చి ఆగలేదన్న సంగతి మాత్రం ఏ పంతులుగారూ చెప్పలేదు. కృష్ణమ్మ మోసుకొచ్చిన ఒండ్రు వల్ల అక్కడ సముద్రం చాలా దూరం దాకా లోతు లేకుండా ఉంటుంది. ఓడలు మైళ్ల అవతలే లంగరు వేసేవి. సరుకంతా పడవల మీద ఒడ్డుకు రావాలి, పడవల మీదే ఓడకు పోవాలి. గాలివాన లేస్తే తలదాచుకోవడానికి కొండ చాటు లేదు. ఊళ్లో బావులు ఉప్పన, ఊరి చుట్టూ బాడవ, బురద. ఇన్ని అవలక్షణాలున్న రేవు 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరానికి పెద్దదిక్కుగా నిలిచింది.

ఎలా నిలిచిందో తేలితే ఎందుకు పడిపోయిందో కూడా తేలుతుంది. బందరు పేరెత్తగానే అందరూ ఉప్పెన కథ చెబుతారు. 1864లో సముద్రం ఊరిని మింగిందనీ, అప్పటి నుంచీ కోలుకోలేదనీ. నాకా కథ మీద గురి లేదు. ఈ ఊరిని రేవుగా నిలబెట్టినవి వెనక పల్లెల్లోని మగ్గాలు, అద్దకపు తొట్లు, వర్తకుడి సరుకుకు పాలకుడిచ్చే హామీ. ఉప్పెన వచ్చేనాటికి ఆ మూడూ ఊరు వదిలి చాలాకాలమైంది.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఎర్రసముద్రపు దారి గురించి పేరు తెలియని ఒక గ్రీకు నావికుడు రాసిన 'పెరిప్లస్'లో మసాలియా అనే తీరం ఉంది. అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని అతను రాసుకున్నాడు. రెండో శతాబ్దపు టాలెమీ ఇదే తీరాన్ని మైసోలియా అన్నాడు, కృష్ణానదిని మైసోలోస్ అన్నాడు. మసాలియా అంటే ఇప్పటి బందరేనా, కృష్ణా తీరమంతా కలిపి అన్న మాటా అని పండితులు వాదించుకుంటారు. ఏదైనా మన తీరమేనన్న దాంట్లో పేచీ లేదు. టాలెమీ చెప్పిన కొంటకోస్సుల నేటి ఘంటసాల. అక్కడి బౌద్ధ శాసనాల్లో మహానావికుడు శివకుడి పేరు కనిపిస్తుంది. ఇవాళ ఘంటసాలలో నిలబడితే పొలాలే తప్ప సముద్రం కనిపించదు. నది డెల్టాను ముందుకు పెంచుకుంటూ పోతే, రేవు కూడా దాని వెంట తూర్పుకు జరుగుతూ వచ్చింది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ వేయించాడంటే, ఆ రాజు ఖజానాకు సముద్రం ఏపాటి ముఖ్యమో ఊహించుకోవచ్చు.

అక్కడి నుంచి వెయ్యేళ్లు ఒక్క గెంతులో దాటి మోటుపల్లికి వెళ్లాలి. అది బందరుకు దక్షిణాన అదే తీరంలో ఉన్న కాకతీయుల రేవు. గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాలకులు దోచుకోవడం ఆనాటి రివాజు. 1244లో గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. ముప్పయ్యోవంతు సుంకం తప్ప వర్తకుల నుంచి మరేమీ తీసుకోబోమని అందులో రాయించాడు. ఓడరేవుల గురించి తెలుగు నేల మీద వెలసిన అత్యంత తెలివైన పత్రం అదేనని నా అభిప్రాయం. లోతూ లంగరూ దాని ఊసులోనే లేవు. వర్తకుడికి భయం లేకుండా చేస్తే చాలు, ఓడ అదే వస్తుందని ఆ రాజుకు తెలుసు. ఆ శతాబ్దం చివర్లో ఇటు వచ్చిన మార్కోపోలో ఈ రాజ్యంలోని బట్టలు సాలెగూడంత సన్నగా ఉంటాయని రాశాడు. రేవుల పేర్లు మారుతున్నా సరుకు మాత్రం మారలేదు.

బందరుకు అసలు దశ కుతుబ్‌షాహీల చేతిలో తిరిగింది. 16వ శతాబ్దం రెండో సగంలో గోల్కొండ సుల్తానులు దీన్ని తమ రాజ్యానికి సముద్ర ద్వారం చేసుకున్నారు. హైదరాబాదు నుంచి బెజవాడ మీదుగా బందరుకు బండ్ల బాట. ఇవాళ్టి 65వ నంబరు జాతీయ రహదారి ఇంచుమించు ఆ దారినే వచ్చి బందరులో ఆగుతుంది. ఆ బాట వెంట కొల్లూరు వజ్రాలు, నాగులవంచ నీలిమందు, తెలంగాణ ఉక్కు, అన్నిటినీ మించి బట్టలు వచ్చేవి. అటు పెగూ, అరకాన్, తెనాసెరిం, అచే. ఇటు మోఖా, బందర్ అబ్బాస్. మక్కా యాత్రికులు ఇక్కడే ఓడెక్కేవారు. సుల్తానుకు సొంత ఓడలున్నాయి. తర్వాత మొగలాయిల సేనానిగా పేరుపడ్డ మీర్ జుమ్లా 1630లలో ఈ రేవుకు హవల్దారుగా పనిచేశాడు. ఆ ఉద్యోగంతో పాటే సొంత ఓడలు నడిపి సంపన్నుడయ్యాడు. ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియర్ కొయ్య ఇళ్ల ఊరని దీన్ని చిన్నచూపు చూస్తూనే, బంగాళాఖాతం మొత్తంలో దీన్ని మించిన లంగరు చోటు లేదని ఒప్పుకున్నాడు.

ఇన్ని దేశాల వాళ్లు ఎగబడ్డ ఆ బట్ట ఎలా తయారవుతుందో కొంచెం తీరిగ్గా చూద్దాం, ఈ చరిత్రకంతటికీ మూలం అక్కడే ఉంది కాబట్టి. ముతక గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఎండబెడతారు. పాలలోని జిడ్డు వల్ల రంగు అచ్చు అంచు దాటి పాకదు. తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే వచ్చే ద్రవం కరక్కాయ తాకిన చోట నల్లబడుతుంది. అంచుగీతలకు అదీ రంగు. ఎరుపు కావలసిన చోట టేకు అచ్చుతో పటిక నీళ్లు అద్దుతారు. అప్పటికి గుడ్డ మీద ఎరుపు జాడే ఉండదు. చిరివేరు వేసి మరిగిస్తున్న కాగులోకి గుడ్డ దిగాక, పటిక పడ్డ మేర ఎర్రగా తేలుతుంది, తక్కింది తేలదు. ఆ తర్వాత పారే నీటిలో జాడించి ఇసుక మీద ఆరేయాలి. నిలవ నీళ్లయితే వదిలిన రంగు మళ్లీ గుడ్డకే పడుతుంది. అందుకే ఈ పని కాలువ గట్ల మీద పెరిగింది. కృష్ణా ముఖద్వారం దగ్గరి ఇసుక నేలల్లో పెరిగే చిరివేరుకు తూర్పుతీరంలో సాటి లేదని పేరు. ఉతికినకొద్దీ రంగు తేలే బట్ట అప్పటికి యూరపులో ఎవరికీ చేతకాదు.

ఏ దేశపు గిరాకీ దానిదే. పర్షియా వాళ్లకు మిహ్రాబు కమాను ఉన్న నమాజు తివాసీలు, సయాం దర్బారుకు వాళ్ల పద్ధతి నకాసీ, ఇంగ్లండుకు కల్పవృక్షం వేసిన పలంపోరు దుప్పట్లు. లండను పడకగదిలో వేలాడే పువ్వు ఎలా ఉండాలో అక్కడి నుంచి నమూనా వస్తే, దాన్ని తన చేతివాటంతో మార్చి అచ్చు చెక్కేది బందరు పల్లెల్లోని వాడే. ఇక డచ్చివాళ్ల లెక్క వేరు. మలక్కా అవతలి దీవుల్లో లవంగాలూ జాజికాయలూ కొనాలంటే అక్కడివాళ్లు వెండి కన్నా మన బట్టను ఇష్టపడేవారు. కాబట్టి మిరియం, లవంగం కోసం బయల్దేరిన ఓడ ముందు ఇక్కడ ఆగాలి. 1605లో డచ్చివాళ్లు బందరులో గిడ్డంగి తెరిచింది ఇందుకే.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1611 ఆగస్టులో 'గ్లోబ్' ఓడ మీద వచ్చారు. పులికాటులో డచ్చివాళ్లు అడ్డుపడటంతో పైకి వచ్చి ఇక్కడ దిగారు. విచిత్రమేమంటే ఆ ఇంగ్లీషు ఓడ వర్తకం చూసిన పీటర్ ఫ్లోరిస్, లూకస్ ఆంథనీజ్ ఇద్దరూ డచ్చివాళ్లే. ఫ్లోరిస్ దినచర్య రాసేవాడు. సుంకం నూటికి నాలుగని మాట అయ్యాక అధికారులు పన్నెండు అడిగారని అందులో మొత్తుకున్నాడు. మూడేళ్ల తర్వాత తిరుగు ప్రయాణంలో మళ్లీ వచ్చినప్పుడు రేవు గవర్నరు అతనికి బాకీ ఉన్నాడు. ఎన్నిసార్లు తిరిగినా పైసా రాలలేదు. చివరికి ఫ్లోరిస్ 1614 నవంబరులో సుంకం కచేరీ మీద పడి గవర్నరు కొడుకును పట్టుకుని పడవలో వేసుకుని ఓడకు తీసుకుపోయాడు. ఆ అబ్బాయి పేరు వెంకటాద్రి, బ్రాహ్మణుడు. పరాయి చేతి వంట ముట్టనని ఓడలో పస్తు కూర్చున్నాడు. ఫ్లోరిస్‌కు జాలేసి, పరువున్న ఇద్దరు తురక పెద్దలు బదులుగా వస్తే కుర్రాణ్ణి వదిలేస్తానన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి బాకీ చెల్లాకే అబ్బాయి ఒడ్డు చేరాడు. ఈ ముచ్చటలో నాకు నచ్చేదేమిటంటే, ఎవరిది పైచేయో ఇంకా తేలని కాలం అది. దొర అప్పు వసూలుకు కిడ్నాపు చేయాల్సి వచ్చింది. నూటయాభై ఏళ్లకు అదే కంపెనీ కచేరీ తీసి శిస్తు వసూలు చేసుకుంది.

గోల్కొండ పాలన చల్లగా ఉండేదని మాత్రం అనుకోవద్దు. రేవు ఆదాయాన్ని ఏటా గుత్తకు ఇచ్చేవారు. పాట పాడినవాడు కట్టవలసింది కట్టి, తనకు కావలసింది జనం దగ్గర పిండుకునేవాడు. 1618 నుంచి 1622 వరకు ఇక్కడ ఇంగ్లీషు గిడ్డంగిని నడిపిన విలియం మెథ్వోల్డ్ ఈ వ్యవస్థను దగ్గరగా చూశాడు. గుత్త సొమ్ము కట్టలేకపోయిన ఒక గవర్నరును బెత్తాలతో చావగొట్టిన సంగతి రాశాడు. ఊరికి ప్రాకారం లేదనీ, కట్టిన తీరు బాగాలేదనీ, ఉన్న చోటు అంతకన్నా అధ్వానమనీ అతని అభిప్రాయం. అయినా అంతా ఇక్కడే ఉన్నారు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషు వాళ్లకు బంగారు ఫర్మానా ఇచ్చి, ఏడాదికి ఇంత అని ఒకే మొత్తం కట్టి వర్తకం చేసుకోమన్నాడు. సాలెవాడికి ముందు బయానా ఇచ్చి తర్వాత బట్ట తీసుకునే పద్ధతి పల్లెలన్నిటా పాకింది. కంపెనీల లాభాల కింద సాలెవాళ్ల అప్పులు పెరిగాయి. 1630–31 కరువులో ఈ తీరంలో మగ్గాలు పడుకున్నాయి.

చెన్నపట్నం పుట్టుక కూడా బందరు చిరాకుల్లోంచే. గుత్తదారుల పోరు పడలేక ఇంగ్లీషు వాళ్లు సొంతంగా కోట కట్టుకునే చోటు వెతికారు. 1639లో ఫ్రాన్సిస్ డే దామెర్ల వెంకటప్ప నాయకుడి నుంచి మద్రాసు దగ్గర చోటు సంపాదించాడు. బందరు ఏజెంటు ఆండ్రూ కోగన్ దానికి దన్నుగా నిలిచాడు. 1641 నాటికి తీరం మీది ఇంగ్లీషు పెత్తనం అక్కడికి మారింది. బందరుకు మొదటి దెబ్బ అదేనని నేననుకుంటాను, అప్పట్లో ఎవరికీ అలా తోచి ఉండదు. మరో నలభై ఏళ్లు ఊరు కళకళలాడింది. గోల్కొండ సుల్తాను తానాషా సరదాగా బందరు యాత్రకు వచ్చాడు. దారిలో నాట్యం చూసి మెచ్చి కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చాడని మనవాళ్లు చెప్పుకుంటారు.

రెండో దెబ్బ 1687. గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. పట్టుబట్టలు కట్టే దర్బారు, మక్కాకు ఓడలు పంపే సుల్తాను, వజ్రాలు కొనే అమీర్లు పోయారు. పర్షియన్ వర్తకులు మెల్లగా సర్దుకున్నారు. అదే రోజుల్లో యూరపు తలుపులు మూసుకోవడం మొదలైంది. మన అద్దకం బట్టల ధాటికి తమ నేతగాళ్లు తట్టుకోలేకపోతున్నారని ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లోనూ మళ్లీ 1721లోనూ నిషేధాలు పెట్టాయి. స్వేచ్ఛా వాణిజ్యం గురించి మనకు పాఠాలు చెప్పిన దేశాల మొదటి పాఠం ఇది.

18వ శతాబ్దంలో బందరు వర్తకుల చేతిలోంచి సిపాయిల చేతిలోకి పోయింది. 1750లో ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని బుస్సీ చక్రం తిప్పుతున్నప్పుడు ఉత్తర సర్కారులు వాళ్ల జేబులోకి వచ్చాయి. చందుర్తి యుద్ధంలో విజయనగరం ఆనందరాజు తోడ్పాటుతో ఫ్రెంచివాళ్లను ఓడించిన ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ 1759లో బందరు కోట ముందుకు వచ్చాడు. కోట చుట్టూ బురద. లోపలికి ఒకే గట్టుదారి. వెనక నుంచి నిజాం సలాబత్ జంగ్ సైన్యం వస్తోంది. లోపలున్న ఫ్రెంచివాళ్ల బలం బయటున్న వాళ్ల కన్నా ఎక్కువ. ఫోర్డ్ ఏప్రిల్ 7 రాత్రి పోటు తగ్గే వేళ చూసి, ఎవరూ దాటలేరనుకున్న బురదలోకి ఒక దండును దింపి దృష్టి మళ్లించాడు, ఇంకో వైపు నుంచి బురుజు ఎక్కాడు. తెల్లారేసరికి కోట అతనిది. కొద్దిరోజులకే ఫ్రెంచి సహాయ దళం ఓడలో వచ్చి, కోట మీద ఇంగ్లీషు జెండా చూసి వెనక్కి పోయింది. సలాబత్ జంగ్ అప్పటికప్పుడు పక్షం మార్చాడు. తెలుగు కోస్తా ఇంగ్లీషు వాళ్ల పాలయిన రాత్రి అది. ప్లాసీ గురించి పుంఖానుపుంఖాలుగా రాసే మనం దీనికి రెండు వాక్యాలు కేటాయిస్తాం.

ఆ తర్వాత 1794 దాకా బందరు నుంచే చీఫ్, కౌన్సిల్ సర్కారులను ఏలారు. పాలనాకేంద్రమైంది, రేవు మాత్రం పలచబడింది. లాంకషైర్ యంత్రపు బట్ట వచ్చి పడింది. 1833 చట్టంతో కంపెనీ వర్తకమే మానుకుంది. అదే ఏడు కృష్ణా, గుంటూరు సీమల్ని నందన కరువు పీల్చేసింది. డొక్కల కరువని పెద్దవాళ్లు తలుచుకునేది దాన్నే. సాలెవాళ్లు, అద్దకం వాళ్లు చావగా మిగిలినవాళ్లు పొలం పనికి మళ్లారు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి బందరు కాలువలో పడవలు నడిచాయి, వరి పండింది. డెల్టాకు అన్నం దొరికింది. రేవుకు మాత్రం పాత సరుకు తిరిగి రాలేదు.

అప్పుడొచ్చింది 1864 నవంబరు 1 రాత్రి. పదమూడు అడుగుల ఎత్తున లేచిన ఉప్పెన లోపలికి మైళ్ల కొద్దీ పాకింది. సుమారు 30,000 మంది చనిపోయారు. మర్నాటి దాకా బతికినవాళ్లకు తాగడానికి మంచినీళ్లు లేవు. బావులు, చెరువులు అన్నీ ఉప్పయ్యాయి. మరుసటి ఏడు సైన్యం కోట ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఇంత ప్రాణనష్టాన్ని తక్కువ చేసి మాట్లాడాలని నా ఉద్దేశం కాదు. కానీ వర్తకం బతికున్న ఊరికి ఉప్పెన వస్తే వర్తకులే దాన్ని మళ్లీ నిలబెడతారు. బందరులో నిలబెట్టాల్సిన వాళ్లు అప్పటికే లేరు. కాకినాడ ఎగుమతులు పట్టుకుపోయింది, 1933లో విశాఖ హార్బరు తెరుచుకున్నాక లెక్క తేలిపోయింది.

ఓడలు పోయిన ఊరు ఊరికే కూర్చోలేదు. 1843లోనే రాబర్ట్ నోబుల్ బడి పెట్టాడు, అదే నోబుల్ కాలేజీ అయింది. ఆ చదువుల వేడిలోంచి 1902లో కృష్ణాపత్రిక వచ్చింది. 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా ముట్నూరి కృష్ణారావు దాన్ని నడిపారు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టి చదువుతో పాటు చేతిపనులు నేర్పారు. జెండా పింగళి వెంకయ్య అక్కడ పాఠాలు చెప్పారు, అడివి బాపిరాజు ప్రిన్సిపాలుగా చేశారు. 1923 నవంబరు 28న పట్టాభి ఆంధ్రా బ్యాంకు తలుపులు తెరిచారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 1926లో మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో బీఈఎల్ చేతికి వచ్చి, ఇప్పుడు సైన్యానికి రాత్రిచూపు దుర్బిణీలు చేస్తోంది. బందరు బతికిన రెండో బతుకు ఇది. మొదటిదాని కన్నా తక్కువదని నేననను.

పాత బతుకు ఆనవాళ్లు పేటల్లో ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషుపాలెం, డచ్చివాళ్ల వలందపాలెం, ఫ్రెంచివాళ్ల పరాసుపేట. పరాసుపేటలోని ఫ్రెంచి లోజీ (వర్తక స్థావరం) మన స్వాతంత్ర్యం తర్వాత, 1947 అక్టోబరు 6న గానీ మన చేతికి రాలేదు. బందరుకోటలో డచ్చి సమాధుల మీద వంశ చిహ్నాలు చెక్కిన పలకలు ఎండావానల్లో ఉన్నాయి. పక్కనే పెడనలో అచ్చులు ఇంకా పడుతున్నాయి, రంగులు కలుస్తున్నాయి, కలంకారీకి భౌగోళిక గుర్తింపూ దక్కింది. అయితే మార్కెట్లో దాని పేరుతో అమ్మే బట్టలో పెద్ద భాగం స్క్రీన్ ప్రింటింగు సరుకేనని పెడన కార్మికులు వాపోతున్నారు. చిరివేరు పంట ఏనాడో పోయింది.

ఇప్పుడు మళ్లీ పోర్టు మాట. 2008లో ఒక ముఖ్యమంత్రి, 2019లో ఇంకొకరు, 2023లో మరొకరు పనుల ప్రారంభానికి కొబ్బరికాయ కొట్టారు. ఈసారి రాళ్లు పడ్డాయి, అలల అడ్డుగోడలు లేచాయి, డ్రెడ్జర్లు లోతు తవ్వుతున్నాయి. రెండు వేల ఏళ్లలో మొదటిసారి పెద్ద ఓడ బందరు ఒడ్డుకు వచ్చి ఆగగలుగుతుందేమో. సంతోషమే. కానీ లోతు లేకపోవడం వల్ల ఈ రేవు చచ్చిపోలేదు. కాబట్టి లోతు ఒక్కటే దాన్ని బతికించదు. ఉత్తరాన కాకినాడ, విశాఖ, దక్షిణాన కృష్ణపట్నం ఇప్పటికే సరుకు పంచుకుంటున్నాయి. డెల్టా వరి, రొయ్య, తెలంగాణ మందుల ఫ్యాక్టరీలు, పెడన బట్ట, వీటిలో ఏది ఎంత ఈ రేవు గుండా పోతుందో ఇంతవరకు జనానికి విడమర్చి చెప్పినవాళ్లు తక్కువ. భూములిచ్చిన రైతులకు, వలలు వేసుకునే చోటు మారిపోయిన గిలకలదిండి మత్స్యకారులకు ఇచ్చే మాట ఏమిటో కూడా కాగితం మీద కనిపించాలి. గణపతిదేవుడు తన మాటను రాతి మీద చెక్కించాడు. ఈ పాలకులు వెబ్‌సైటులో పెట్టినా చాలు. ప్రారంభోత్సవానికి పిలవాల్సిన పెద్దల జాబితా తయారు చేసేముందు ఎగుమతి కావాల్సిన సరుకుల జాబితా బందరు ప్రజల ముందు పెట్టండి.